మూరెడు పడుగు

ఓబుళపతి అయ్యవారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన నోటి నుంచి మొదట వచ్చే మాట ఒక్కటే: "కాళ్లు కడుక్కోని రాపో." పట్టు మగ్గం గుంటలో దిగేవాడి కాళ్లకు దుమ్ము ఉండకూడదు కనుక, మగ్గాల ఇళ్లలో అది ఎవరైనా అనే మాటే. కానీ ఆయన పెళ్లి సంబంధం గురించి అడిగినా అదే అనేవారు, అన్నదమ్ముల తగవు గురించి అడిగినా అదే అనేవారు. అడిగినవాడు కొళాయి దాకా పోయి, కాళ్లు కడుక్కొని తిరిగి వచ్చేలోపల సగం ప్రశ్నలు వాటంతట అవే తీరిపోతాయని ఆయన నమ్మకం. మిగిలిన సగానికి మగ్గం ఉంది. నోటితో చెప్పడం చేతకాక కాదు, నోటితో చెప్పింది చెవి దగ్గరే ఆగిపోతుందని ఆయనకు అనుభవం.

అనంతపురం వైపు ఆ పట్టుచీరల ఊళ్లో అంచులకు, కొంగులకు బొమ్మ కట్టడంలో ఆయన్ని మించినవారు లేరు. గళ్ల కాగితం మీద ఆయన పెన్సిలుతో నింపిన హంసలు, రుద్రాక్ష తీగలు, మామిడి పిందెలు ఎన్ని పెళ్లిపీటల మీద మెరిశాయో ఆయనకే తెలియదు. శిష్యుల్లో పెద్దవాడు కుళ్లాయప్ప. గురువు గీసిన గళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, అందులోంచి జకార్డు అట్టలు కొట్టే గది ఆ ఊళ్లో మొదట తెరిచింది అతనే. జకార్డు అట్ట అంటే మగ్గం చదువుకునే పుస్తకం అనుకోవచ్చు. నేసేటప్పుడు ఏ పోగు పైకి లేవాలో, ఏది కింద ఉండాలో దాని మీది చిల్లులు చెబుతాయి. చిల్లు ఒకటి తప్పితే హంసకు ముక్కు పోతుంది.

అయ్యవారికి చూపు తగ్గి పెన్సిలు పక్కన పెట్టారు. ఆయన గీసిన కాగితాలను ఒక ముసురు కాలంలో చెదలు తినేశాయి. అందువల్ల ఆ పెద్దాయన జీవితమంతా చేసిన పని ఇప్పుడు కుళ్లాయప్ప గదిలోని ముసలి కంప్యూటర్‌లో మాత్రమే ఉంది. ఫైళ్లను పెన్ డ్రైవుల్లోకి ఎక్కించి దాచాడు గానీ, వాటిని తెరవగలిగేది పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. ఆ సాఫ్ట్‌వేర్ నడిచేది పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే. దాన్ని అమ్మినవాడు ఎప్పుడో దుకాణం ఎత్తేశాడు. తాళం చెవికి ఇంకో తాళం వేసి, ఆ రెండో చెవి పారేసుకున్నట్టుంది వ్యవహారం.

ఆ యంత్రానికి ముసలితనం కూడా వచ్చింది. పొద్దున బటన్ నొక్కితే ఒకనాడు లేస్తుంది, ఒకనాడు అలుగుతుంది. కుళ్లాయప్ప తన పేరిటి స్వామికి దండం పెట్టుకొని గానీ దాన్ని ముట్టుకునేవాడు కాదు. ఆయుధ పూజనాడు దానికి పెట్టిన కుంకుమ బొట్టును ఏడాదంతా చెరగనిచ్చేవాడు కాదు. దాన్ని బాగుచేయడానికి టౌన్ నుంచి వచ్చే సిస్టమ్ అతను ప్రతిసారీ ఒకటే పాట పాడేవాడు: కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది, దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఈ పాతదాన్ని ఇక పట్టించుకునే నాథుడు ఉండడు, రేపో మాపో ఇది కన్ను మూస్తుంది. షావుకార్లు పంపే కొత్త డిజైన్లు కూడా పాతదాంట్లో తెరుచుకోవడం మానేశాయి. అట్టల కోసం వచ్చిన నేతగాళ్లు కాసేపు అరుగు మీద కూర్చుని, లేచి వేరే గదులకు పోతున్నారు.

అయినా కుళ్లాయప్ప మెట్టు దిగలేదు. అతని భయానికి కారణం పక్క వీధి గంగన్న. గంగన్నకు కూడా అట్టలు కొట్టే గది ఉండేది. ఉత్సాహం పట్టలేక ఒకరోజు పాతదంతా చెరిపించి, కొత్త సిస్టమ్ వేయించి, టెంకాయ కొట్టి, వీధంతా బెల్లం పంచాడు. మర్నాడు పాత డిజైన్లు తెరవబోతే తెర నిండా పిచ్చి గీతలు వచ్చాయి. బెల్లం తిన్న నోళ్లే తర్వాత నవ్వాయి. గంగన్న ఇప్పుడు ఆటో తోలుతున్నాడు. ఈ కథను కుళ్లాయప్ప కనబడిన వారికల్లా పురాణంలా చెప్పి, చివర తన సిద్ధాంతం జోడించేవాడు: బాగా పనిచేసేదాన్ని కదిలించకూడదు.

ఆ సిద్ధాంతంతోనే ఒక ఉదయం గురువు ఇంటికి బయల్దేరాడు. నిజం చెప్పాలంటే అతను సలహా కోసం పోలేదు, సాక్షి కోసం పోయాడు. జీవితంలో మౌసు ముట్టని ముసలాయన పాతదాని పక్షమే మాట్లాడతారని, ఆ మాట పట్టుకొని సిస్టమ్ అతని నోరు మూయించవచ్చని అతని లెక్క.

అయ్యవారు మగ్గం పక్కన చెక్క బల్ల మీద కూర్చుని ఉన్నారు. మగ్గం మీద చీర పూర్తయింది, దాని వెంట వచ్చే రవిక గుడ్డ కొంచెం మిగిలింది. కొత్త పడుగు చుట్ట, అంటే చీరకు నిలువు పోగుల కట్ట, గోడకు వేలాడుతోంది.

"అయ్యవారూ, కంప్యూటర్‌కి కొత్త సిస్టమ్ వేయించుకో అంటాండారు. నాకేమో వద్దనిపిస్తాండాది. బాగా పనిచేస్తాండేదాన్ని ఎందుకు కదిలించాల? మీరెట్ల చెప్తే అట్ల చేస్తా," అన్నాడు కుళ్లాయప్ప.

"కాళ్లు కడుక్కోని రాపో."

కడుక్కొని వచ్చాడు. ప్రశ్న తీరలేదు.

"దిగు. రవిక గుడ్డ నేయి," అన్నారు అయ్యవారు.

మగ్గం వదిలి చాలా ఏళ్లయినా కుళ్లాయప్ప కాళ్లు పని మరిచిపోలేదు. కాసేపటికి అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తడం మొదలుపెట్టింది. చేతులకు పని దొరకగానే మనసు కుదుటపడింది. పెద్దాయన తన మాటకు ఒప్పుకున్నారని, పాతదాన్ని అట్లే ఉంచమంటారని దాదాపు ఖాయం చేసుకున్నాడు. రవిక గుడ్డ అయిపోయింది. తలెత్తి చూస్తే, పోగులను విడివిడిగా ఉంచే దువ్వెనలాంటి అచ్చుకు అవతల నేయకుండా మిగిలింది మూరెడు పడుగు.

ఇక్కడ మగ్గం ఎరగని వారికి ఒక మాట చెప్పాలి. ఆ మూరెడు పడుగును ఏ నేతగాడూ నేయడు. పైకి అది వ్యర్థంలా కనిపిస్తుంది, నేస్తే గుడ్డ వస్తుంది కూడా. కానీ ప్రతి పోగూ మగ్గంలో తనకంటూ ఉన్న ఒక దారపు కంట్లో దూరి, ఆపైన అచ్చు పళ్ల మధ్య నుంచి ముందుకు వస్తుంది. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగులను ఒక్కొక్కటిగా ఈ మిగిలిన పాత పోగుల కొసలకు ముడివేసి, పాతవాటిని ముందుకు లాగుతారు. పాత పోగు తాను పోతూ పోతూ కొత్త పోగును తన దారినే తీసుకువస్తుంది. దీన్ని అచ్చు అతకడం అంటారు. కొస లేకపోతే దారి లేదు, అన్నిటినీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. అందుకే ఎంత పిసినారి అయినా ఆ మూరెడు దగ్గర చేయి ఆపుతాడు.

కుళ్లాయప్ప కూడా ఆపాడు. "అయిపోయినాది అయ్యవారూ. సుంకులమ్మత్తను పిలిపించండి, అతుకుతాది."

"పడుగు తెగినాదా?"

"లేదు. బాగుండాది."

"నాడె తిరుగుతాండాదా?"

"తిరుగుతాండాది."

"బాగా పనిచేస్తాండేదాన్ని ఎందుకు ఆపేది? నేయి."

తన గొంతునే ఫోనులో రికార్డు చేసి వినిపిస్తే గుర్తుపట్టనివాడిలా ఉండిపోయాడు కుళ్లాయప్ప. తప్పు అని చేతులకు తెలుసు. కానీ చెప్పింది గురువు, పైగా ఆ వాదన ఎక్కడో విన్నట్టు, చాలా న్యాయంగా ఉన్నట్టు అనిపించింది. మళ్లీ నాడె వేశాడు. వేలెడు గుడ్డ దిగింది. ఇంకో వేలెడు దిగింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అతనికి ధైర్యం ఇచ్చింది. పోగులు పైకి లేవడానికి జాగా తగ్గి, నాడె మధ్యలో ఇరుక్కోవడం మొదలైంది. చేత్తో సర్ది దాటించాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఇంకొక్కసారి కాలు గట్టిగా తొక్కాడు.

కుడి అంచు దగ్గర ఒక పోగు ఠప్పున తెగింది. దాని వెంటే పిడికెడు పోగులు తెగి, దారపు కళ్లలోంచి, అచ్చు పళ్లలోంచి జారి, కింద గుంటలో పడ్డాయి. అంచు ఉండాల్సిన చోట ఖాళీ అచ్చు పళ్లు ఇకిలించాయి.

"అయ్యో, పోయినాయి అయ్యవారూ!"

"ఏమి పోయినాయి?"

"అంచు పోగులు! కొసలు కూడా లేవు!"

"ఇంతసేపూ బాగా పనిచేస్తాండె కదప్పా?" అన్నారు అయ్యవారు, బల్ల మీద నుంచి కదలకుండా.

అప్పటికి కుళ్లాయప్పకు ఆ వాక్యం ఎవరిదో గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, లోపల కోపం కూడా వచ్చింది. ఒక మాటతో చెప్పగలిగిన దానికి మంచి మగ్గం పాడుచేయాలా అనుకున్నాడు.

అంతలో, కొత్త పడుగు కోసం ముందే కబురు అందుకున్న సుంకులమ్మ, అచ్చు అతికే మనిషి, విబూది చిప్పతో రానే వచ్చింది. పట్టు పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకొని మెలివేయడం ఆమె పని. మగ్గం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవరప్పా ఈ మూరెడు కూడా మింగింది? నువ్వా కుళ్లాయీ? కంప్యూటర్ ముందర కూచ్చోని మగ్గం మరిచిపోయినావా? మామా, నువ్వు పక్కనే కూచ్చోని ఏం చేస్తాంటివి, భజననా?"

"మధ్యది అతుకుతావా సుంకులూ?" అన్నారు అయ్యవారు.

"మధ్యలో జానెడు కొస ఉండాది, ఎట్లనో అతుకుతా. అంచుకు దేన్ని అతకాల, నా కొంగునా? నీ అంచు కట్టు లోకంలో ఇంకెవరికీ ఉండదు. ఏ పోగు ఏ కంట్లో పోతాదో దోవ ఎవరు చూపిస్తారు?"

ఆమె మాట నిజం. అయ్యవారి మగ్గం అంచు వరసగా కట్టింది కాదు. హంసల మెడ వంపు నిలవడానికి వరస తప్పించి, పడుచు వయసులో ఆయన తానే కనిపెట్టి కట్టిన కట్టు అది. చూసి ఎక్కించుకోవడానికి ఎడమ అంచుకు అలాంటి బొమ్మ లేదు.

"దోవ నేను చెప్తా. పోగులు వాడు ఎక్కిస్తాడు," అన్నారు అయ్యవారు.

సుంకులమ్మ మధ్యలో కూర్చుని గొణుక్కుంటూ ముడులు మెలివేస్తుంటే, కుళ్లాయప్ప కుడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని కొత్త పోగు ఒక్కొక్కటే అందుకున్నాడు. అయ్యవారు కళ్లు మూసుకొని చెబుతున్నారు. ముందు వరస, పై కన్ను. వెనక వరస, పై కన్ను. ఒకటి వదిలి పక్కది. ఆయన వేళ్లు గాలిలో ఆ కళ్లను తడుముతున్నాయి. కుళ్లాయప్ప తప్పు లేకుండా ఎక్కిస్తూ పోయాడు. పని ఇలా సాగితే చాలనుకున్నాడు.

ఒకచోట అయ్యవారు ఆగిపోయారు.

"తర్వాత..." అన్నారు. వేళ్లు గాలిలో నిలిచాయి. "దాని తర్వాత..."

కుళ్లాయప్ప పోగు పట్టుకొని ఎదురుచూశాడు. సుంకులమ్మ గొణుగుడు కూడా ఆగింది. పెద్దాయన నుదురు ముడుచుకుంది, పెదవులు కదిలాయి, మాట రాలేదు. కుళ్లాయప్పకు ఈ భయం కొత్తది కాదు. పొద్దున్నే నీలం తెర ముందు నిలబడి, ఈసారి లేస్తుందా లేవదా అని చూసే భయం ఇదే. ఇన్నాళ్లూ తాను కంప్యూటర్ ఆయుష్షు గురించే దండాలు పెట్టుకున్నాడు. ఆ అంచులు ఎలా పుట్టాయో చెప్పగలిగే మనిషికి కూడా మిగిలింది మూరెడేనని ఒక్కనాడూ అనుకోలేదు. రేపు ఒక హంస తెరలో చెదిరిపోతే, దాని మెడ ఎటు వంగాలో ఎవరిని అడుగుతాడు? ఆ ఆలోచనకు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"వెనక వరస. కింది కన్ను," అన్నారు అయ్యవారు చివరికి. "అదే. ఎక్కించు."

పొద్దు వాలేటప్పటికి అతుకు పూర్తయింది. ముడులన్నీ అచ్చు వెనక వరసగా నిలిచాయి. పని అయిపోయిందన్న సంబరంలో కుళ్లాయప్ప ముందువైపు రవిక గుడ్డను కోయబోతే సుంకులమ్మ అతని చేతి మీద ఒక్కటేసింది.

"ఉండప్పా! ముడులు కళ్లు దాటాల, అచ్చు దాటాల, కొత్త పడుగు జానెడు గుడ్డ కావాల. అప్పుడు కోస్తారు పాతదాన్ని. ఇప్పుడు కోసినావంటే మొత్తం వెనక్కి జారి నా పనంతా మట్టి."

కుళ్లాయప్ప చేయి వెనక్కి తీసుకున్నాడు. ఇంటికి పోయేముందు అయ్యవారి కాళ్లకు దండం పెట్టాడు. పొద్దున తెచ్చిన ప్రశ్నను మళ్లీ అడగలేదు, ఆయనా దాని మాట ఎత్తలేదు.

మర్నాటి నుంచి అతనిది ఒకటే పట్టు. పాత కంప్యూటర్‌ను ముట్టుకోనివ్వలేదు. దాని పక్కనే కొత్తదాన్ని తెచ్చి, కొత్త సిస్టమ్, కొత్త సాఫ్ట్‌వేర్ వేయించాడు. "రెండెందుకు సార్, ఒకటి తీసేయండి," అని సిస్టమ్ అతను నవ్వితే, "నీ పని అయిపోయింది కదా నాయనా, కాఫీ తాగి పో," అన్నాడు. సులభంగా వచ్చిన డిజైన్లను కొత్తదాంట్లోకి తెచ్చాడు. రానని మొండికేసిన వాటిని పాత తెర మీద తెరిచి పెట్టుకొని, ఒక్కో గడీ చూస్తూ కొత్త తెర మీద నింపాడు. పాతది అలిగిన రోజున దాని అలక తీరేదాకా కూర్చున్నాడు గానీ లేచి పోలేదు. చెదిరిపోయిన అంచులను కాగితం మీద వేసుకొని అయ్యవారి దగ్గరకు పట్టుకుపోయి, కాళ్లు కడుక్కొని పక్కన కూర్చున్నాడు. ఆయన కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకొని, గీత వెంట వేలు పోనిచ్చి, "ఈ పిందెకు తొడిమ యాడ?" అని అడిగితే, ఇంటికి వచ్చి తొడిమ పెట్టాడు. చుట్టుపక్కల గదులవాళ్లు చాదస్తం అన్నారు. అననిచ్చాడు. వానలు పోయి చలి మొదలయ్యేదాకా అతనికి వేరే లోకం లేదు.

చివరి అంచు కూడా కొత్త తెర మీదకు వచ్చిన రోజున కుళ్లాయప్ప కాలు నేల మీద నిలవలేదు. ఇల్లు అలకగానే పండుగ కాదంటారు గానీ, అలికినవాడికి ఆ పూట పండుగే. కొత్త యంత్రం బటన్ నొక్కగానే లేస్తుంది, అడగకుండానే రంగులు చూపిస్తుంది. పక్కన పాతది దుమ్ము కొట్టుకొని, గురకపెడుతూ, ఉత్త బరువులా కనిపించింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత. ఏడాదిగా చెరగనివ్వని కుంకుమ బొట్టును కూడా అతను ఆ రోజు గమనించలేదు. కొత్తదాంట్లోంచి ఒక్క అట్ట అయినా కొట్టి చూడకుండానే, ఒక్క చీర అయినా మగ్గం ఎక్కకుండానే, పాత ఇనుప సామాన్ల బండివాణ్ణి మధ్యాహ్నం రమ్మని చెప్పి గురువు ఇంటికి పరుగెత్తాడు.

ఈసారి చెప్పించుకోలేదు. కొళాయి దగ్గర తానే కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చాడు.

"అన్నీ వచ్చేసినాయి అయ్యవారూ! ఒక్కటి కూడా పోలేదు. మీ అంచులన్నీ కొత్త సిస్టమ్‌లో ఉండాయి. ఇంక ఆ పాతదాన్ని ఇనుప సామాన్ల వాడికి వేసేస్తాండా, మధ్యాహ్నం బండి వస్తాది."

అయ్యవారి ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడడానికే ఇన్నాళ్లు కష్టపడ్డానని కుళ్లాయప్పకు అనిపించింది. ఆయన చేయి చాచి శిష్యుడి భుజం తట్టారు. సుంకులమ్మ అప్పుడే ఇంకో పడుగు అతికి పోయినట్టుంది, మగ్గం మీద ముడులు అచ్చు వెనక బారుగా నిలిచి ఉన్నాయి. పెద్దాయన ఆ బారు మీద వేలు వేసి, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా తడిమారు.

"ముడులు అచ్చు దాటినాయా, కుళ్లాయప్పా?" అన్నారు.